ఫ్లెక్సీ

వజ్రపుకొత్తూరు వైపు కొత్తగా బోర్డుల షాపు పెడితే కుంచె సంగతి ఎవరూ అడగరు. ‘ఫ్లెక్సీ కొడతారా?’ అంటారు. వంగుతుంది, చుట్ట చుట్టుకుంటుంది కాబట్టి ఇంగ్లీషులో ఫ్లెక్స్ అయింది. మనం ఈకారం తగిలించి, బహువచనానికి ‘లు’ చేర్చి సొంతం చేసుకున్నాం. నిజానికి అది పాలియెస్టర్ అల్లిక మీద పీవీసీ పూసిన షీటు. దాన్ని వేయిస్తారు, కడతారు, చించుతారు. మూడో క్రియ ఒక్కోసారి పోలీస్ స్టేషన్ దాకా వెళ్తుంది.

పెద్ద సాల్వెంట్ ప్రింటరు పలాస లాంటి పట్టణంలోనే గిట్టుబాటు. చిన్న ఊళ్లో కంప్యూటరు, కోరల్‌డ్రా, ఫోటోషాప్, స్టిక్కర్లు కోసే ప్లాటరు, ఐలెట్లు కొట్టే మిషను ఉంటే చాలు; ఫైలు పంపి ప్రింటు తెప్పించుకోవచ్చు. అసలు తంటా తెలుగుతోనే. డిజైనింగ్‌లో వాడే ‘అను’ ఫాంట్లకూ యూనికోడ్‌కూ పొసగదు. వాట్సాప్‌లో వచ్చిన ‘వజ్రపుకొత్తూరు’ను తెచ్చి అతికిస్తే జకారం ఒకచోట, క్రావడి మరోచోట. చివరికి మళ్లీ టైపు చేయాల్సిందే. అందుకే మిషను కొనేముందు తెలుగు టైపింగ్ నేర్చుకోమంటాను.

వజ్రపుకొత్తూరు ఉన్న ఉద్దానం తీరపు గాలికి ఐలెట్లు దగ్గరదగ్గరగా వేయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటింది ఈ ప్రాంతంలోనే కదా!

2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని రాష్ట్ర ప్రభుత్వం విశాఖలో ప్రకటించింది. కాబట్టి గుడ్డ మీద అచ్చు వేయడం కూడా నేర్చి పెట్టుకోండి. దేనిమీద వేసినా జనం నోట అది ఫ్లెక్సీయే.