ముద్ర ఉన్న కూటపత్రం: మలేషియా, 2011

2011 నవంబరు 14న ఫిన్లండ్‌కు చెందిన ఎఫ్-సెక్యూర్ సంస్థ ఒక హానికర ప్రోగ్రాము వివరాలు ప్రకటించింది. అడోబీ రీడర్ 8లోని లోపాన్ని వాడుకొనే పీడీఎఫ్ పత్రం ద్వారా అది కంప్యూటరులో చేరేది. ఆపైన, వార్తాపత్రికను తలపించే పేరు గల ఒక సర్వరును సంప్రదించి మరికొన్ని హానికర భాగాలను తెచ్చుకొనేది. ఇంతవరకు ఇందులో వింతేమీ లేదు. కానీ దానిమీద ఉన్న డిజిటల్ సంతకం మలేషియా ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనా సంస్థ మార్డీది.

సంతకం లేని ప్రోగ్రామును నడపబోతే విండోస్ హెచ్చరిస్తుంది. సంతకం ఉంటే ఆ హెచ్చరిక మెత్తబడుతుంది, నిర్వాహకుల అనుమానమూ తగ్గుతుంది. దాడి చేసినవారికి కావలసింది ఆ సడలింపే.

మార్డీ తాళం వారి చేతికి ఎలా చిక్కింది? అది చాలాకాలం క్రితమే దొంగతనానికి గురైందని మలేషియా అధికారులు ఎఫ్-సెక్యూర్‌కు తెలిపారు. అదే నెలలో నెదర్లాండ్స్‌కు చెందిన ఫాక్స్-ఐటీ మరొక అవకాశాన్ని ముందుకు తెచ్చింది. దుర్వినియోగమైన ధ్రువపత్రాలన్నిటి తాళాలూ 512 బిట్లవే. ఆ పరిమాణపు సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టవచ్చునని 1999 ఆగస్టులోనే పరిశోధకులు నిరూపించారు. కనుక వెబ్‌సైటు అందరికీ చూపే బహిరంగ తాళం నుంచే రహస్య తాళాన్ని లెక్కకట్టవచ్చు. దొంగతనంతో పనే లేదు.

మలేషియా ఈ విషయంలో వెనుకబడిన దేశం కాదు. అక్కడి డిజిటల్ సంతకాల చట్టం 1997 నాటిది. 1998 అక్టోబరు 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టం కింద లైసెన్సు పొందిన డిజిసర్ట్ సెండిరియన్ బెర్హాద్ (అమెరికాలోని డిజిసర్ట్‌తో దీనికి సంబంధం లేదు) 512 బిట్ల తాళాలతో 22 ధ్రువపత్రాలు జారీచేసింది. వాటిలో ఏ పనికి వాడాలన్న పరిమితి గాని, రద్దయినదీ లేనిదీ తెలుసుకొనే వివరం గాని సరిగా లేవు. దాంతో వెబ్‌సైటు కోసం ఇచ్చిన పత్రం ప్రోగ్రాముపై సంతకానికీ పనికొచ్చింది. ఒక్కొక్క పత్రాన్ని రద్దుచేసినా ఫలితం ఉండదు గనుక, నవంబరు 3న మొజిల్లా, 10న మైక్రోసాఫ్ట్ ఆ జారీసంస్థ మధ్యస్థ ధ్రువపత్రాలపైనే నమ్మకాన్ని ఉపసంహరించుకొంటున్నట్లు ప్రకటించాయి.

మన శాసన పరిశోధకులకు ఈ సమస్య కొత్తది కాదు. రాజముద్ర ఉన్నంత మాత్రాన తామ్రశాసనాన్ని వారు నిజమైనదిగా అంగీకరించరు. లిపి ఆ కాలానిదేనా, తిథివారాలు పొసగుతున్నాయా, దానమిచ్చిన గ్రామం ఆ రాజు ఏలుబడిలో ఉండేదా అని పరిశీలించి, పొసగనివాటిని కూటశాసనాలుగా వేరుచేస్తారు.

ప్రోగ్రాము విషయంలో అటువంటి లోపలి సాక్ష్యం దాని ప్రవర్తన. అది ఎవరిని సంప్రదిస్తోంది? దాని పనికి ఆ సంప్రదింపు అవసరమా? దాన్ని ఏది మొదలుపెట్టింది? వ్యవసాయ సంస్థ పేరు మోస్తున్న ప్రోగ్రాము ఒక పీడీఎఫ్ నుంచి పుట్టి, ఆ సంస్థతో సంబంధం లేని సర్వరుకు పోవడం ఈ మూడు ప్రశ్నల ముందూ నిలవదు.

తాళం బయటికి పోకపోయినా ఈ ప్రశ్నలు తప్పవు. 2020లో బయటపడిన సోలార్‌విండ్స్ దాడిలో ఒరాయన్ అప్‌డేట్ మీద ఉన్నది అసలైన కంపెనీ సంతకమే. దానిలో దాగిన కోడు రెండు వారాల దాకా మౌనంగా ఉండి, తర్వాత బయటి సర్వరును పలకరించేది. సంతకం తాళం ఎవరిదో చెప్పగలదు; ప్రోగ్రాము ఏం చేస్తున్నదో తెలియాలంటే దాని రాకపోకలను చూడవలసిందే.