పోషకాహార లోపం: దీర్ఘకాలిక ప్రభావాలు

శరీరానికి కావలసిన శక్తి, మాంసకృత్తులు, విటమిన్లు, ఖనిజ లవణాలు చాలినంత అందని స్థితి పోషకాహార లోపం. గర్భధారణ నుంచి రెండో పుట్టినరోజు దాకా సాగే సుమారు 1,000 రోజుల్లో దీని దెబ్బ బలంగా తగులుతుంది. మెదడు వేగంగా ఎదిగే కాలం అదే. రోగనిరోధక శక్తి తగ్గిన బిడ్డకు విరేచనాలు, న్యుమోనియా తరచూ వస్తాయి. జబ్బు ఆకలిని చంపి, తిన్నది ఒంటబట్టనివ్వక లోపాన్ని ఇంకా పెంచుతుంది. వయసుకు తగ్గ ఎత్తు లేక గిడసబారడం బయటికి కనిపించే గుర్తు మాత్రమే. అలాంటి బాలిక పెరిగి తల్లయితే తక్కువ బరువుతో బిడ్డ పుట్టే అవకాశం ఎక్కువ.

పసితనపు తిండికి, పెద్దయ్యాక వచ్చే సంపాదనకు ఉన్న సంబంధాన్ని గ్వాటెమాలా అధ్యయనం చూపినంత స్పష్టంగా చూపినవి అరుదు. 1969–77 మధ్య రెండు గ్రామాల్లో మాంసకృత్తులున్న ‘అటోలే’ అనే జావను, మరో రెండింటిలో మాంసకృత్తులు లేని ‘ఫ్రెస్కో’ అనే తీపి పానీయాన్ని ఇచ్చారు. దశాబ్దాల తర్వాత చూస్తే, రెండేళ్ల లోపు అటోలే అందిన మగవారి గంట సంపాదన సుమారు 46 శాతం ఎక్కువ. స్త్రీలు ఒక తరగతికి పైగా అదనంగా చదివారు గాని, వారి సంపాదనలో అలాంటి తేడా రాలేదు.

హైదరాబాద్ సమీప గ్రామాల్లో 1987–90 మధ్య గర్భిణులకు, చిన్నపిల్లలకు అనుబంధాహారం అందించారు. కౌమారంలో పరీక్షిస్తే, ఆ పిల్లలు ఇతర గ్రామాల వారికంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. ఎత్తులో తేడా స్వల్పమే. ఇన్సులిన్ నిరోధకత, ధమనుల బిగువు తక్కువగా ఉండటమే అసలు విశేషం.