ఏడున్నర విమానం, దారిలో ఏనుగుల మంద

2024 డిసెంబరు. రాత్రి రెండు దాటింది. కురుపాం వైపు నుంచి పార్వతీపురం వస్తున్న కారులో మీరున్నారు. ఒళ్లో సంచి. అందులో అమ్మ కట్టిచ్చిన పసుపు కొమ్ములు, కొండ చింతపండు. ఏడున్నరకి విశాఖలో హైదరాబాద్ విమానం. టికెట్ మీద ప్రయాణం గంటా పావు. దానికోసం ఇంత రాత్రివేళ బయల్దేరడం మీకు అతి జాగ్రత్తలాగే ఉంది.

కారు ఆగుతుంది.

మంచులో ఎవరో టార్చి ఊపుతున్నారు. ఏనుగులను కనిపెట్టుకుని తిరిగే ట్రాకరు. డ్రైవరు లైట్లు ఆర్పేస్తాడు.

"ఒడిసా ఏనుగులు బాబూ. వరి కుప్పల మీద పడ్డాయి."

అద్దం కాస్త దించుతారు. ముందు వాసన తగులుతుంది, తడిగడ్డీ పేడా కలిసిన ఘాటు. తర్వాత ఏదో పెళపెళమని విరుగుతుంది. వెనక్కి తిప్పేద్దామా? చుట్టుదారి ఉంది. మంద ఎటు మళ్లుతుందో మాత్రం ట్రాకరుకే తెలియదు. ఆగుతారు.

చీకట్లో చీకటి కదులుతుంది. ఒకటి. రెండు. అడుగుల చప్పుడే లేదు. పెద్దది రోడ్డెక్కుతుంది. ఆగుతుంది. తొండం ఇటు తిరుగుతుంది. ఊపిరి బిగపడతారు. డ్రైవరు చెయ్యి తాళం మీద. తిప్పడు. గున్న దాటుతుంది. పెద్దది ఇంకా అక్కడే. ఇంకా. వెళ్లింది.

ట్రాకరు పొమ్మనేసరికి మూడు. పార్వతీపురం దాటేసరికి మూడూ నలభై. ఇక్కణ్నించి విశాఖ విమానాశ్రయం పిట్ట ఎగిరితే 120 కిలోమీటర్లు. మీరు పిట్ట కాదు గనక సుమారు 150. సీతానగరం, బొబ్బిలి, రామభద్రపురం, గజపతినగరం, అన్నీ లారీల వెనకే. విజయనగరంలో ఐదూ నలభై. కొత్తవలస మీదుగానా, ఆనందపురం మీదుగానా? మొదటిది ఇరుకు. రెండోది వెడల్పు. వెడల్పుకే ఓటేస్తారు.

ఆరూ నలభై అయిదు. గేటు ముందు నేవీ విమానాల హోరు. రన్‌వే వాళ్లదే మరి, ఐఎన్‌ఎస్ డేగాది. సామాను కౌంటరు గంట ముందే మూసేశారు. ఎక్కే గేటు ఏడూ అయిదుకి మూస్తారు. సంచి డ్రైవరు చేతిలో పెడతారు. పరుగు. బెల్టు తియ్యండి. ఫోన్ ట్రేలో. మళ్లీ పరుగు. ఏడూ మూడు.

సీట్లో కూలబడ్డాక గాని లెక్క గుర్తురాదు. హైదరాబాద్‌కి గాల్లో 510 కిలోమీటర్లు. గంటకు 800 చొప్పున పోతే నలభై నిమిషాలైనా పట్టకూడదే! మరి గంటా పావెందుకు? అద్దంలోంచి చూస్తే తెలుస్తుంది. రన్‌వే దాకా నత్తనడక. మెల్లగా ఎక్కడం. శంషాబాద్ దగ్గర మళ్లీ మెల్లగా దిగడం, ఒక్కోసారి వరసలో తిరగడం. ఆ వేగం మధ్యలో కాసేపే. ఇవన్నీ కలిపిందే టికెట్ మీద టైము. మీ ఏనుగులు మాత్రం అందులో లేవు.

ఎనిమిదీ నలభై అయిదు. చక్రాలు నేలను తాకాయి. ఫోన్ ఆన్ చెయ్యగానే డ్రైవరు.

"దిగిపోనారా బాబూ? నేనింకా గజపతినగరం దాటలేదు. పసుపు పదిలంగానే ఉంది. ఏనుగులు ఎటెల్లేయో కనుక్కుని గాని ఊరెల్లను."