రేడియోథెరపీ టెక్నాలజిస్టు
క్యాన్సర్ ఆసుపత్రిలోని రేడియేషన్ విభాగంలో, వైద్యుడు నిర్ణయించిన మోతాదును, వైద్య భౌతిక శాస్త్రవేత్త రూపొందించిన ప్రణాళిక ప్రకారం లీనియర్ యాక్సిలరేటర్‌తోగాని కోబాల్ట్-60 యంత్రంతోగాని రోగికి అందించే నిపుణుడిని రేడియోథెరపీ టెక్నాలజిస్టు అంటారు. మోతాదుకు కొలమానం గ్రే. కిలోగ్రాము కణజాలం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే అవుతుంది. సాధారణ పద్ధతిలో రోజుకు సుమారు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, కొన్ని వారాలపాటు చికిత్స సాగుతుంది కాబట్టి, రోగిని ప్రతిసారీ అదే భంగిమలో, తేడా కొద్ది మిల్లీమీటర్లకు మించకుండా పడుకోబెట్టడమే ఈ వృత్తిలోని అసలు నైపుణ్యం. తల, మెడ క్యాన్సర్లలో ఇందుకోసం వేడినీటిలో మెత్తబడి, ముఖంపై పరిచాక చల్లారుతూ ఆ ఆకృతిలోనే గట్టిపడే థర్మోప్లాస్టిక్ ముసుగును వాడతారు. లేజర్ గీతలను ముసుగుపైని గుర్తులతో కలిపి, అవసరమైనప్పుడు ఎక్స్‌రే లేదా సీటీ చిత్రంతో సరిచూసి, మందపాటి కాంక్రీటు గోడల గది నుంచి వెలుపలికి వచ్చిన తరువాతే కిరణాలను విడుదల చేస్తారు. లోపల ఒంటరిగా ఉన్న రోగిని కెమెరాలో గమనిస్తూ, మైకులో ధైర్యం చెప్పడమూ వీరి పనే. ముసుగు బిగువుకు బెదిరేవారి విషయంలో ఇది యంత్ర పరిజ్ఞానం కన్నా తక్కువదేమీ కాదు. రోగిని దాదాపు రోజూ చూసేది వీరే గనుక చర్మం కమలడం, నోటిపూత వంటి దుష్ఫలితాలు తరచు మొదట వీరి దృష్టికే వస్తాయి. భారతదేశంలో వీరు తమకు సోకే వికిరణాన్ని కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీ ధరిస్తారు. అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం వృత్తిరీత్యా సోకే మోతాదు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులను, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30ని మించరాదు.