విద్యార్థి సేవ: సాయంత్రపు పాఠమా, బడికి దారా?

రాయ్‌పూర్ శివార్లలోని ఉర్లా పారిశ్రామికవాడలో ఇనుము, ఉక్కు కర్మాగారాల పని కోసం సొంత ఊళ్లు విడిచి వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇలాంటి చోట సేవ చేయాలనుకునే విద్యార్థికి మొదట తట్టేది సాయంత్రం పిల్లలకు పాఠాలు చెప్పడం. మంచి పనే. కానీ ఆ పిల్లలు పగలు ఎక్కడుంటున్నారు? మిత్రులారా, ఈ ప్రశ్నకు జవాబు రంగారెడ్డి జిల్లా చరిత్రలో ఉంది.

నేపథ్యం

గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) మొదలైంది. వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. రోజుకు 5 గంటల బడి అనుకుంటే ఇది 48 రోజుల చదువుకు సమానం. అంటే వాలంటీరు ఎంత కష్టపడినా బడికి బదులు కాలేడు.

ప్రభుత్వ విధానం మాత్రం చాలాకాలం ఆ బదులునే నమ్ముకుంది. రాజ్యాంగం 45వ అధికరణ 14 ఏళ్లలోపు పిల్లలందరికీ పదేళ్లలో ఉచిత నిర్బంధ విద్య అందించాలని చెప్పింది. గడువు దాటిపోయింది. 1986 బాలకార్మిక చట్టం కొన్ని పనులనే నిషేధించింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం పనిచేసే పిల్లలకు అనియత విద్యను సూచించింది. పగలు కూలి, రాత్రి పలక అన్నమాట.

రంగారెడ్డి మలుపు

చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి.ఫౌండేషన్, ఆయన మనవరాలు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి ఈ ఆలోచననే తిరగేసింది. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది దాని సూత్రం. ఊళ్లో చదువుకున్న యువత ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించారు. వారిలో చాలామంది తమ ఇంట్లో మొదటితరం చదువరులు. పిల్లలను కొన్ని నెలలు బ్రిడ్జి కోర్సు శిబిరాల్లో ఉంచి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. 2003లో శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం లభించింది. 2007లో ఆమె జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్‌లో వయసుకు తగిన తరగతిలో ప్రవేశం, ప్రత్యేక శిక్షణ రెండూ హక్కులయ్యాయి. శిబిరంలో నడిచిన పద్ధతికి చట్టంలో చోటు దక్కింది.

ముగింపు

2016 సవరణ 14 ఏళ్లలోపు పిల్లలతో అన్ని పనులనూ నిషేధించినా, బడి వేళల తర్వాత కుటుంబ వృత్తిలో సాయం చేయడాన్ని మినహాయించింది. కాబట్టి ‘పగలు ఎక్కడ?’ అన్న ప్రశ్నకు తోడు ఇప్పుడు ‘సాయంత్రం ఎక్కడ?’ అన్నదీ అడగాలి. బడికి వెళ్లే బిడ్డకు సాయంత్రపు పాఠం ఆసరా. బడికి వెళ్లని బిడ్డకు అదొక్కటే చదువైతే, మన సేవ ఆ కూలి పనికి సర్దుబాటు అవుతుంది. అందుకే వాలంటీరు లెక్క చూసుకోవాల్సింది ఎన్ని గంటలు పాఠం చెప్పామని కాదు, ఎందరి పేర్లు బడి హాజరుపట్టీలోకి ఎక్కి అక్కడే నిలిచాయని.