కాశీ రాళ్ల నుంచి సెమర్‌కోనా దాకా

1798 డిసెంబరులో కాశీ దగ్గర క్రాఖత్ పల్లె చుట్టుపక్కల ఆకాశం నుంచి రాళ్లు పడ్డాయి. వాటిలో కొన్ని లండన్ చేరాయి. ఎడ్వర్డ్ హోవార్డ్ రసాయన పరీక్ష చేశాడు. ఖనిజాలు తెలిసిన బూర్నో ఆ రాళ్ల నిండా చిన్న చిన్న గుండ్రటి పూసలు చూశాడు. ఆ సంగతి 1802లో అచ్చయింది. ఆకాశం రాళ్లు కురుస్తుందంటేనే పండితులు చాలామంది నవ్వుతున్న రోజులవి.

1864లో గుస్తావ్ రోజ్ ఇలాంటి రాళ్లకు కాండ్రైట్లని పేరు పెట్టాడు. లోపలి పూసలు కాండ్రూల్స్ అయ్యాయి. 1877లో హెన్రీ సోర్బీ రాతిని పల్చటి పొరగా అరగదీసి మైక్రోస్కోపు కింద పెట్టి, ఇవి ఒకప్పుడు కరిగి విడివిడిగా తేలిన చుక్కలేనని తేల్చాడు. కరిగించిన మంట ఏది? తగువంతా అక్కడే. అగ్నిపర్వతాలన్నారు, మెరుపులన్నారు, సూర్యుడి పక్కనుంచి వీచిన గాలి అన్నారు.

మన వైపూ కాండ్రైట్లు పడ్డాయి: 1814లో గుర్రంకొండ, 1852లో నెల్లూరు దగ్గర యాటూరు. కానీ అవి పుట్టిన గ్రహశకలాల్లోనే బాగా ఉడికినవి. పూసల అంచులు చెదిరాయి. ఈ తగువుకి పచ్చి సాక్షి కావాలి. 1940 అక్టోబరు 26న మధ్యప్రదేశ్‌లో పడ్డ సెమర్‌కోనా, కిలో కూడా తూగని రాయి, ఆ సాక్షి.

చోడవరం వైపు బెల్లం వండేవాళ్లు పాకం చుక్కను చన్నీళ్లలో వేసి చూస్తారు. గబుక్కున చల్లారితే గాజులా బిగుస్తుంది. నిదానంగా ఆరితే పలుకు కడుతుంది. కాండ్రూల్స్‌లో పలుకులున్నాయి. అలాంటి పలుకులు ప్రయోగశాలలో రావాలంటే సుమారు 1,500 డిగ్రీల పైన కరిగించి, గంటకు పదుల నుంచి వెయ్యి డిగ్రీల చొప్పున చల్లార్చాలి. శూన్యంలో ఒంటరి చుక్కకు అంత తీరిక ఉండదు, క్షణాల్లో చల్లబడిపోతుంది. అంటే చుట్టూ కూడా వేడి ఉండాలి.

2008లో సెమర్‌కోనా పూసల్లో సోడియం దొరికింది. పల్చటి వాయువులో కరిగితే అది ఆవిరైపోయేదే. కాబట్టి చుక్కలు కిక్కిరిసి ఉండాలి. 2014లో రోజర్ ఫూ బృందం అవే పూసల్లో నాటి అయస్కాంత క్షేత్రాన్ని కొలిస్తే సుమారు 54 మైక్రోటెస్లాలని వచ్చింది, దాదాపు నేటి భూమి క్షేత్రమంత. సూర్యుడి పక్కన పుట్టి ఉంటే ఇంకా చాలా ఎక్కువుండాలి. ఆ గాలి కథ అక్కడ బాగా బలహీనపడింది.

నైజీరియాలో పడ్డ గుజ్బా పూసలు సౌరకుటుంబపు తొలి ఘనపదార్థం కన్నా దాదాపు 50 లక్షల ఏళ్లు చిన్నవి. అవి రెండు శకలాలు ఢీకొన్నప్పుడు ఎగిసిన ఆవిరిలో పుట్టాయన్న వాదన గట్టిది. మిగతావాటికి నా ఓటు ధూళిమేఘాన్ని కోసుకుపోయిన షాక్ తరంగాలకే. వాటిని లేపింది బృహస్పతా, మరొకటా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.