ఇల్లెందు: సింగరేణి గనుల పుట్టినిల్లు

ఇల్లెందు తెలంగాణమునందలి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాకు చెందిన పురపాలక పట్టణము. పందొమ్మిదవ శతాబ్దము చివర గోదావరీ లోయలో బొగ్గు త్రవ్వకము ఆరంభమైన చోటు ఇదియే. నేటి సింగరేణి కాలరీస్ సంస్థకు మూలస్థానమును ఇదియే. బొగ్గు మూలమున పట్టణమైనది గావున జనులు దీనిని బొగ్గుట్ట యనియు వ్యవహరింతురు. గనులకు పూర్వము ఇల్లందులపాడను పేరుగల యీ పల్లె, బొగ్గు బయల్పడిన పిదప దూరప్రాంతములకు ఇంధనము పంపిన గని పట్టణమై, దాదాపు అర్ధశతాబ్దము నిజాము రాజ్యమున ఖనిజ పరిశ్రమకు ప్రధాన కేంద్రముగా నుండి, పొరలు తరుగుకొలది ఆ ప్రాముఖ్యమును పొరుగూళ్లకు అప్పగించెను. ఏ భూమి తన గర్భమును విప్పి యొక ప్రాంతపు రైళ్లను, మిల్లులను నడిపెనో ఆ భూమికి పిమ్మట గలిగిన స్థితి యెట్టిదని తెలిసికొనగోరువారికి ఇల్లెందు చరిత్ర ముఖ్యమైన పాఠము.

ఉనికి, నైసర్గిక స్వరూపము

ఈ పట్టణము ఖమ్మమునకు ఉత్తరముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. తూర్పున టేకులపల్లి మీదుగా కొత్తగూడెమునకును, ఉత్తరమున గుండాల యడవులకును, పడమట బయ్యారము, గార్ల ప్రాంతములకును, దక్షిణమున కారేపల్లికిని మార్గములు కలవు. గుట్టలును, టేకు, ఇప్ప, తునికి చెట్ల యడవులును, నడుమ నడుమ చెరువుల క్రింది పొలములును గలసిన యీ సీమ అనాదిగా కోయల నివాసము. లంబాడీల తండాలును పెక్కు గలవు. కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ పదుమూడవ శతాబ్దమున నిర్మింపించిన బయ్యారము చెరువు సమీపముననే యుండుటచే, బొగ్గు బయల్పడుటకు ఆరువందల యేండ్లకు పూర్వమే యిచ్చట సేద్యము వర్ధిల్లినదని స్పష్టము.

భూగర్భ నిర్మాణము

సుమారు 25 మొదలు 30 కోట్ల సంవత్సరములకు పూర్వము, గోండ్వానా యను మహాభూఖండము చీలిపోని కాలమున, నేటి ప్రాణహిత, గోదావరి నదులు ప్రవహించు దారి వెంబడి భూమి క్రుంగి పొడవైన లోతట్టు ఏర్పడగా, అందు వృక్షరాశి పూడి, దానిపై ఇసుకయు బంకమన్నును పొరలు పొరలుగా పేరుకొని, ఆ బరువునకును ఉష్ణమునకును లోనై బొగ్గుగా మారెను. ఈ శిలాసమూహమునకు గోండ్వానా శిలలనియు, అందు బొగ్గు నిచ్చు ముఖ్యభాగమునకు బరాకరు శిలలనియు పేర్లు. తెలంగాణమున ఈ లోయ వాయవ్యమునుండి ఆగ్నేయమునకు సుమారు 350 కిలోమీటర్లు వ్యాపించియున్నది. ఇల్లెందు క్షేత్రము ప్రధాన లోయనుండి విడివడిన చిన్న తునక. పొరలు పైకి తేలియుండుటచే బొగ్గు ముందుగా ఇచ్చటనే కంటబడెను. క్షేత్రము చిన్నది యగుటచే ఇచ్చటనే ముందుగా తరిగెను. ఈ పట్టణపు అభ్యుదయమునకును క్షీణతకును గల ప్రథమ కారణము భూగర్భముననే యున్నది.

బొగ్గు బయల్పడుట

భద్రాచల యాత్రికులు దారిలో విడిది చేసి, నల్లరాళ్లను పొయ్యిగడ్డలుగా నమర్చి వంట చేయబోగా ఆ రాళ్లే రగుల్కొనెననియు, ఆ వింత ఆనోట ఆనోట ప్రాకి అధికారుల చెవిని బడెననియు ఈ ప్రాంతమున చెప్పుకొందురు. లిఖిత చరిత్రలో మాత్రము భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ 1871లో ఇల్లెందు సమీపమున బొగ్గును కనుగొన్నట్లున్నది. ఇచ్చటి యొక ప్రధాన బొగ్గుపొరకు కింగు పేరే స్థిరపడినది.

కంపెనీ స్థాపన, రైలుమార్గము

1886లో ఇంగ్లండున నమోదైన హైదరాబాదు దక్కను కంపెనీ త్రవ్వకపు హక్కులను పొందెను. ఈ హక్కుల విక్రయమున జరిగిన వాటాల వ్యవహారము పెద్ద వివాదమై, నిజాము ప్రభుత్వమున ఉన్నతాధికారియు, సర్దార్ దిలేర్ జంగ్ బిరుదాంకితుడునైన అబ్దుల్ హక్ పదవి కోల్పోవుటకును, 1888లో బ్రిటిషు పార్లమెంటు కామన్సు సభా సంఘము విచారణ జరుపుటకును కారణమయ్యెను. మారుమూల యడవిలోని బొగ్గు లండను మూలధన విపణిని కదలించుట, ఆనాటి వలసయుగమున ఖనిజసంపద యెవరి ప్రయోజనమునకు వినియోగపడెనో చక్కగా తెలుపుచున్నది.

1889లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. డోర్నకల్లు కూడలినుండి గనుల వరకు శాఖామార్గము వేయబడెను; నిజాము రైలుమార్గము అదే కాలమున బెజవాడను చేరుటతో ఇల్లెందు బొగ్గునకు సముద్రతీర దేశపు ద్వారములు తెరువబడెను. 1920 డిసెంబరు 23వ తేదీన హైదరాబాదు కంపెనీల చట్టము ననుసరించి సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదై, పూర్వపు కంపెనీ ఆస్తులను, బాధ్యతలను స్వీకరించెను. గనులున్నది ఇల్లెందున; పేరు మాత్రము సమీపమునందలి సింగరేణి గ్రామమునకు దక్కినది. 1945లో నిజాము ప్రభుత్వము కంపెనీ వాటాలలో అధికభాగమును కొనెను. 1956లో ఆ యాజమాన్యము ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకు సంక్రమించెను. 1960లో కేంద్రప్రభుత్వము భాగస్వామి యయ్యెను. ఇప్పుడు తెలంగాణ రాష్ట్రమునకు 51 శాతము, కేంద్రమునకు 49 శాతము వాటాలు కలవు.

గనిపని, జనజీవనము

బొగ్గుపొర నేలకు చేరువగా నుండుటచే, నిట్టనిలువు బావులకంటె ఏటవాలుగా దిగు ఇంక్లైనులే ఇచ్చట సాధారణము. పొరలో దారులు త్రవ్వుకొనుచు, కప్పును మోయుటకై నడుమ బొగ్గు దిమ్మెలను విడిచి, పిదప ఆ దిమ్మెలనుగూడ క్రమముగా తీసికొనుట ఇచ్చటి పద్ధతి. తట్టను, చెమ్మస్ అను పారను చేబూని బొగ్గును టబ్బులలో నింపు ఫిల్లర్ల శ్రమపైననే యంత్రయుగమునకు పూర్వము ఉత్పత్తియంతయు ఆధారపడియుండెను. కప్పు కూలునేమో, నీరు విరుచుకొనిపడునేమో, విషవాయువు క్రమ్మునేమో యను భయమును మనసులో నణచుకొని, మసక దీపపు వెలుగున దినదినము పాతాళమునకు దిగిన యీ కార్మికులకు దేశము ఋణపడియున్నది. స్థానికులగు కోయలు, లంబాడీలు, చుట్టుపట్ల పల్లెల పేదలు, తీరాంధ్రమునుండియు ఉత్తర భారతమునుండియు వచ్చిన వలసకూలీలు ఒకే మస్టరులో పేర్లు వ్రాయించుకొనుటచే, అడవి నడుమ పలుభాషల పట్టణము వెలసెను.

తీరాంధ్రముతో సంబంధము

సింగరేణి బొగ్గు ప్రయోజనము కృష్ణానదికి ఉత్తరముననే నిలిచిపోలేదు. బెజవాడ, మదరాసుల నడుమ రైలుమార్గము 1899లో పూర్తియైన పిదప, తీరాంధ్రమునందలి పర్చూరు మైదానపు ప్రత్తియు మిరపకాయలును చీరాల, బాపట్ల స్టేషన్లనుండి దూరదేశములకు పోవుటకు వలసిన ఆవిరిశక్తిని దక్షిణమున నిచ్చిన బొగ్గుసీమ యిదియే. తరువాతి కాలమున గుంటూరు, ఒంగోలు ప్రాంతముల వర్జీనియా పొగాకు రైతులు తమ బ్యారన్లలో ఆకు కాల్చుటకు కట్టెలతోపాటు సింగరేణి బొగ్గును వాడిరి. గనులనుండి బొగ్గు రాగా, తీరమునుండి మనుష్యులును పంటలును అటు వెళ్లుట జరిగెను: కృష్ణా, గుంటూరు సీమల రైతులు ఖమ్మము ప్రాంతమునకు వలసపోయి ప్రత్తి, మిరప సేద్యమును అచ్చట విస్తరింపజేసిరి. ఖమ్మము నేడు పేరెన్నికగన్న మిరప విపణులలో నొకటి. నల్లరేగడి మైదానమునకును నల్లబంగారపు సీమకును గల యీ అనుబంధమును ఉభయ ప్రాంతముల చరిత్రకారులును విస్మరింపరాదు.

కార్మికోద్యమము

సింగరేణి గనులలో 1940 దశకమున కార్మికసంఘము బలపడెను. మఖ్దూం మొహియుద్దీన్, రాజ్ బహదూర్ గౌర్ మొదలగు నాయకుల ప్రోత్సాహముతో దేవూరి శేషగిరి, పర్సా సత్యనారాయణ వంటివారు గనికార్మికులను సంఘటితులను జేసిరి. తెలంగాణ సాయుధపోరాటకాలమున (1946–51) ఈ యడవులు ఉద్యమకారులకు ఆశ్రయమయ్యెను. తరువాతి దశాబ్దములలో గోదావరీ లోయ విప్లవోద్యమమునకును ఇల్లెందు పరిసరములు ముఖ్యస్థానమయ్యెను. షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడిన ఇల్లెందు శాసనసభా స్థానమునుండి, నిరాడంబరతకు పేరుపొందిన గుమ్మడి నర్సయ్య ఐదుమారులు ఎన్నికయ్యెను. ఆదివాసుల భూములు అన్యాక్రాంతము కాకుండ 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని దృఢపరచిన 1970 నాటి సవరణయు ఈ ఏజెన్సీ ప్రాంతమున వర్తించుచున్నవి.

క్షీణదశ

1937లో కొత్తగూడెమున గనులు తెరువబడుటతో ఇల్లెందు ప్రాధాన్యము తగ్గనారంభించెను. క్రమముగా కంపెనీ ప్రధాన కార్యాలయము కొత్తగూడెమునకు చేరెను. బెల్లంపల్లి, రామగుండము, మణుగూరు క్షేత్రములు విస్తరించెను. ఆవిరి యంజనులు అంతరించి, బొగ్గునకు విద్యుత్కేంద్రములే ప్రధాన వినియోగదారులైన కాలమున, చిన్నపొరలపై నాధారపడిన పాత ఇంక్లైనులు గిట్టుబాటు గాక ఒక్కొక్కటిగా మూతబడెను. వేలకొలది చేతులకు పనినిచ్చిన భూగర్భ గనుల స్థానమున, భారీ యంత్రములతో తక్కువమంది నడుపు ఓపెన్‌కాస్టు గనులు వచ్చెను. బొగ్గు లభించుచునేయున్నను ఉద్యోగములు లభింపవయ్యెను. ఓపెన్‌కాస్టు పొలమును, ఊరును మ్రింగి, మట్టికొండలను మిగిల్చెను. గనినే నమ్ముకొని వెలసిన బజారులు, కాలనీలు ఆ దెబ్బను మిక్కిలిగా ననుభవించెను.

నేటి స్థితి

2016 అక్టోబరు 11న ఖమ్మము జిల్లా విభజింపబడగా ఇల్లెందు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరెను. పరిసరముల రైతులకు, ఆదివాసులకు ఇది వర్తకస్థానముగా, విద్యాస్థానముగా కొనసాగుచున్నది. సింగరేణి సంస్థ ఇచ్చట 39 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రమును నెలకొల్పెను. ఇది హర్షణీయమే గాని, ఇంతటితో సంస్థ బాధ్యత తీరదు. త్రవ్విన గోతులను పూడ్చి అడవిని తిరిగి పెంచుట, గనులలో నిలిచిన నీటిని సేద్యమునకు మరల్చుట, మాజీ కార్మికుల పిల్లలకు క్రొత్త వృత్తులలో శిక్షణ నిచ్చుట, నిర్వాసితులకు భూమియు ఇల్లును హక్కుగా సమకూర్చుట, ఈ గనులవలన లాభించిన ప్రభుత్వములకును సంస్థకును విధాయక కర్తవ్యములు. సింగరేణి యను మహాసంస్థ లాభములన్నియు ఇల్లెందున పడిన తొలి గునపపు దెబ్బతో మొదలైనవి. కావున ఆ లాభములలో ఈ పట్టణపు పునరుజ్జీవనమునకు తొలిభాగము కేటాయింపబడుట న్యాయము.